పీహెచ్‌సీలో లైంగిక ఆరోగ్య సేవలు బాగుపడాలంటే: ఓపీ కౌంటర్ నుంచి మందుల కిటికీ దాకా సమగ్ర మార్గదర్శి

మన ఊళ్లలో బస్టాండు గోడల మీద "గుప్త రోగాలకు గ్యారంటీ వైద్యం, ఫలానా లాడ్జిలో, నెలకోసారి" అనే పోస్టరు చూడనివాళ్లు ఉండరు. అక్కడికి వెళ్లినవాడు వేలకు వేలు పోసి ఏ భస్మమో లేహ్యమో తెచ్చుకుంటాడు. అదే జబ్బుకు సరైన మందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీలో) పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది, అయినా మన దగ్గరికి రాడు. ఎందుకు రాడో పెద్దగా ఆలోచించక్కర్లేదు. లాడ్జి గదికి తలుపుంటుంది, లోపల వినేవాడు ఒక్కడే ఉంటాడు, జబ్బు పేరు పట్టుకుని ఎవరూ గట్టిగా అరవరు.

ఇది తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో పీహెచ్‌సీ, అర్బన్ హెల్త్ సెంటర్, విలేజ్ క్లినిక్‌లలో పనిచేసే డాక్టర్లు, స్టాఫ్ నర్సులు, సీహెచ్‌ఓలు (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లు), ఏఎన్‌ఎంల కోసం రాస్తున్నాను. దీనికి కొత్త బిల్డింగు అవసరం లేదు, కొత్త మిషను అక్కర్లేదు. కర్టెన్ బట్ట, తలుపు గడియ, కొన్ని బ్రౌన్ కవర్లు, ఇవి హెచ్‌డీఎస్ (ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ) నిధుల్లోంచే వచ్చేస్తాయి. మిగతాదంతా మన అలవాట్లు మార్చుకోవడమే, నిజానికి కష్టమైంది కూడా అదే.

అడుగు 1: ముందు మీ క్లినిక్‌లో మీరే పేషంటుగా నడవండి

ఓపీ కిటకిటలాడే సోమవారం పొద్దున ఎంచుకోండి. గేటు దగ్గర మొదలుపెట్టి ఓపీ చీటీ, బీపీ టేబుల్, డాక్టరు గది, ల్యాబ్, ఫార్మసీ, ప్రతి చోటా ఒక్క నిమిషం నిలబడి ఒకటే చూడండి: ఇక్కడ పేషంటు చెప్పే మాట ఇంకా ఎంతమందికి వినబడుతోంది?

చీటీ రాసే అమ్మాయి తల ఎత్తకుండానే "ఏం కంప్లైంట్?" అంటుంది. క్యూలో వెనకాల పాలకేంద్రం దగ్గర రోజూ కనబడే మనిషి నిలబడి ఉంటాడు. మూత్రంలో చీము పడుతోందని చెప్పడానికి వచ్చిన పాతికేళ్ల కుర్రాడు ఒక్క క్షణం తటపటాయించి "జొరం" అంటాడు. అంతే, కేసు అక్కడే పోయింది. డాక్టరు పారాసిటమాల్ రాస్తారు, ఫార్మసిస్టు ఇస్తాడు, రిజిస్టరులో జ్వరం కేసు ఒకటి పెరుగుతుంది, ఆ కుర్రాడు సాయంత్రానికి ఏదో మెడికల్ షాపులో రెండు యాంటీబయాటిక్ మాత్రలు అడిగి మింగేసి, చీము కాస్త తగ్గగానే నయమైపోయిందనుకుంటాడు.

కాబట్టి మొదటి మార్పు: ఓపీ కౌంటర్లో జబ్బు అడగడం మానెయ్యండి. పేరు, వయసు, ఊరు చాలు. ఎమర్జెన్సీ ఉందేమో కనుక్కోవాలంటే "ఆయాసం, రక్తం పోవడం, విపరీతమైన నొప్పి, ఇలాంటివేమైనా ఉన్నాయా?" అని అడిగితే సరిపోతుంది.

రెండో చిల్లు మందుల కిటికీ దగ్గర ఉంటుంది. "ఆ గ్రీన్ కిట్ ఎవరిదమ్మా?" అని అరిస్తే అప్పటిదాకా పడ్డ కష్టమంతా గంగలో పోసినట్టే. సుఖవ్యాధుల మందుల కిట్లు ముందే బ్రౌన్ కవర్లలో పెట్టించండి, వాడే విధానం డాక్టరో నర్సో గది లోపలే చెప్పి పంపాలి. మూడోది, టేబుల్ మీద బార్లా తెరిచి ఉండే ల్యాబ్ రిజిస్టరు. దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, మూసి బీరువాలో పెట్టండి.

ఆశా కార్యకర్తల సంగతి కొంచెం సున్నితం. జనాన్ని క్లినిక్ దాకా తేవడంలో వాళ్లని మించినవాళ్లు లేరు, కాకపోతే ఆమెదీ అదే ఊరు, పేషంటు అత్తగారికి ఏదో వరస కూడా అవుతుంది. తీసుకొచ్చేది ఆమే అయినా, రోగనిర్ధారణ ఆమెకు చెప్పాలో లేదో పేషంటే తేల్చుకోవాలి. ఇది మీటింగులో ఆశాలందరికీ ఒకేసారి చెప్పేస్తే ఎవరూ నొచ్చుకోరు.

అడుగు 2: ఒక గది, ఒక గడియ, ఒక పేషంటు

మన ఓపీల్లో డాక్టరు టేబుల్ చుట్టూ ఒకేసారి నలుగురు నిలబడి ఉండటం మామూలే. లైంగిక ఆరోగ్యానికి ఇది అస్సలు పనికిరాదు. అన్ని కేసులకూ ఒక్కొక్కర్నే లోపలికి పిలిస్తే మరీ మంచిది, ఎందుకంటే కొందరికి మాత్రమే తలుపు వేస్తే బయటివాళ్లకి వెంటనే అర్థమైపోతుంది. దీనికోసమని "సుఖవ్యాధుల విభాగం" అని బోర్డు పెట్టకండి, ఆ బోర్డు కింద కూర్చోవడానికి ఎవరికి మనసొప్పుతుంది?

లోపల ఉండాల్సినవి: లోపలి నుంచి వేసుకునే గడియ, మంచానికి అడ్డంగా తెర, మంచి లైటు, శుభ్రమైన స్పెక్యులమ్‌లు, గ్లవ్స్, కప్పుకోవడానికి దుప్పటి. ఆడవాళ్లని మగ డాక్టరు పరీక్ష చేసేటప్పుడు నర్సు పక్కన ఉండి తీరాలి. ఏం చేయబోతున్నారో ముందే చెప్పి, "సరేనా అమ్మా?" అని అడిగి, వద్దంటే ఆగాలి. తలుపు పల్చగా ఉంటే బయట వెయిటింగ్ హాల్లో టీవీ సౌండు కాస్త పెంచండి, చవకైన ఉపాయం, బాగా పనిచేస్తుంది.

టైము సంగతి కూడా ఇక్కడే. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో షిఫ్టు చేసేవాళ్లు, నగరి మరమగ్గాల మీద పనిచేసేవాళ్లు, హైవే మీద లారీలు తోలేవాళ్లు, తిరుపతి లాడ్జీల్లో రూమ్ బాయ్‌లు, వీళ్లెవరికీ పగటి ఓపీ కుదరదు. వారంలో ఒక సాయంత్రం గంటన్నర కూర్చోగలిగితే కొత్త ముఖాలు కనబడతాయి. సరిహద్దు మండలాల్లో తమిళం వచ్చిన సిబ్బంది ఎలాగూ ఉంటారు, వలస కార్మికులు ఎక్కువగా ఉన్నచోట హిందీ వచ్చినవాళ్లు ఒకరు ఆ సాయంత్రం ఉండేలా చూసుకోండి. పేషంటు వెంట వచ్చిన స్నేహితుడితో అనువాదం చేయించొద్దు.

అడుగు 3: ఎలా అడగాలి

పేషంటు నేరుగా చెప్పడు. "ఒంటికి వేడి చేసింది సార్" అంటాడు. "నీరసం", "నరాల బలహీనత", "నడుం నొప్పి" అంటాడు. ఆడవాళ్లు "తెల్లబట్ట అవుతోంది" అని కొంత తొందరగానే చెబుతారు, పుండు ఉందని మాత్రం చివరిదాకా చెప్పరు. చీటీ తీసుకుని తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి "ఇంకొకటి సార్..." అంటారు చూడండి, అసలు జబ్బు ఆ ఇంకొకటే. అందుకే మందులు రాసే ముందే "ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా?" అని ఒకసారి ఆగి, పెన్ను కింద పెట్టి, ముఖం చూసి అడగండి.

మొదటి వాక్యం ఇలా ఉంటే బాగుంటుంది: "నాయనా, ఇప్పుడు కొన్ని సొంత విషయాలు అడుగుతాను, ఇలాంటి బాధతో వచ్చినవాళ్లందర్నీ అడుగుతాం. ఈ గది దాటి బయటికి పోదు. చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పొద్దు." ఆ తర్వాత సూటిగా: "ఈ మూడు నెలల్లో ఎవరితోనైనా కలిశారా? ఒకరితోనా, ఎక్కువమందితోనా? ఆడవాళ్లతోనా, మగవాళ్లతోనా, ఇద్దరితోనా? నిరోధ్ వాడారా?" గొంతు మారకుండా, షుగరు మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగినంత మామూలుగా అడగాలి. పెళ్లైన ఆడమనిషికి ఇవన్నీ ఎందుకులే అని వదిలేయకండి, పెళ్లికాని అమ్మాయిని "పెళ్లైందా?" అనే ప్రశ్నతో మొదలుపెట్టకండి. మగవాళ్ల మధ్య సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న తేల్చేసింది, మన ముఖంలో మాత్రం ఆ తీర్పు ఇంకా కనబడాల్సి ఉంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు వస్తే ఏ పేరుతో పిలవాలో వాళ్లనే అడిగి, అదే పేరుతో పిలవండి.

అత్తగారు కోడలి పక్కనే కూర్చుని అన్నిటికీ తనే జవాబు చెప్పేస్తుంటే? "అమ్మా, పరీక్ష చెయ్యాలి, మీరు రెండు నిమిషాలు బయట కూర్చోండి, ఈలోపు మీ బీపీ కూడా చూస్తారు" అని నర్సు చేత చెప్పించండి. దాదాపు ఎవరూ కాదనరు. భర్త కూడా అలాగే పక్కన కూర్చుని బయటికి వెళ్లనని మొరాయిస్తే తొందరపడొద్దు, ఆ అమ్మాయి పరిస్థితి ఇంట్లో ఎలా ఉందో అదే ఒక ఆనవాలు.

అడుగు 4: పరీక్ష చేసి, ఆ తర్వాతే కిట్ ఇవ్వాలి

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) రంగుల వారీగా ఇచ్చే మందుల కిట్లని, "మీకేంటి, తెల్లబట్టా? ఇదిగో ఆకుపచ్చది" అని చూడకుండా ఇచ్చేయడం మన దగ్గర బాగా ముదిరిన అలవాటు. లక్షణాల్ని బట్టి వైద్యం చేయడమంటే కళ్లు మూసుకుని చేయమని కాదు. జ్ఞాపకం కోసం: బూడిద రంగు కిట్ మగవాళ్ల మూత్రనాళం నుంచి వచ్చే చీముకు, ఆడవాళ్లలో గర్భాశయ ముఖద్వారం వాపుకు. ఆకుపచ్చది యోని ఇన్ఫెక్షన్ వల్ల అయ్యే తెల్లబట్టకు. తెల్లది జననాంగాల మీద హెర్పిస్ కాని పుండుకు, అదే పుండుకు పెన్సిలిన్ పడనివాళ్లకి నీలం. ఎరుపు హెర్పిస్ నీటిపొక్కులకు, పసుపు ఆడవాళ్ల పొత్తికడుపు నొప్పికి, నలుపు గజ్జల్లో బిళ్లలకు. లోపలి మందులు, మోతాదులు మాత్రం మీ దగ్గరున్న తాజా జాతీయ మార్గదర్శకం చూసే ఇవ్వండి.

ఒకే మోతాదులో అయిపోయే మందుల్ని ఇంటికి పంపకుండా అక్కడే నీళ్లిచ్చి మింగించండి. ఆకుపచ్చ కిట్‌లో సెక్నిడజోల్ ఉంటుంది కాబట్టి మద్యం ముట్టొద్దని చెప్పాలి, గర్భిణికైతే అందులోని ఫ్లుకొనజోల్ మాత్ర వద్దు, క్లోట్రిమజోల్ యోనిలో పెట్టుకునేది ఇవ్వాలి.

కొన్నిచోట్ల ఆగి ఆలోచించాలి. నెలసరికీ నెలసరికీ మధ్య వచ్చే పల్చటి, వాసన లేని స్రావం జబ్బు కాదు, ఆ మాట చెప్పి పంపడమూ వైద్యమే. దురద, పెరుగు తరకల్లాంటి స్రావం మళ్లీ మళ్లీ వస్తుంటే, లేదా మగవాడికి ముందోలు వాచి పగుళ్లు వస్తుంటే షుగర్ చూడండి, చాలాసార్లు మధుమేహం ఇలాగే బయటపడుతుంది. పొత్తికడుపు నొప్పితో వచ్చినామెకు పసుపు కిట్ చేతిలో పెట్టే ముందు ప్రెగ్నెన్సీ టెస్టు తప్పనిసరి, గర్భం ట్యూబులో ఉంటే ప్రాణం మీదికొస్తుంది. కుర్రాడికి హఠాత్తుగా ఒక వృషణం విపరీతంగా నొప్పి పుట్టి వాంతులవుతుంటే అది మెలిక పడటం కావొచ్చు, ఆరు గంటల్లోపు సర్జన్ చేతికి చేరాలి, కిట్లు వెతుక్కుంటూ కూర్చోవద్దు.

ఇక లాడ్జి వైద్యుల బేరమంతా నడిచేది అంగస్తంభన, స్ఖలనం, హస్తప్రయోగం చుట్టూ. హస్తప్రయోగం వల్ల నరాలు చచ్చుబడవు, వీర్యం తరిగిపోదు, పెళ్లికి పనికిరాకుండా పోరు అని ఒక డాక్టరు నోటి నుంచి తాపీగా వింటే సగం టెన్షన్ అక్కడే పోతుంది. నలభై దాటినవాడు స్తంభన సమస్యతో వస్తే బీపీ, షుగర్, సిగరెట్, మందు, వాడుతున్న మాత్రలు అన్నీ చూడాలి, గుండె రక్తనాళాల జబ్బుకు ఇది ముందస్తు గుర్తు కావొచ్చు. ఛాతీ నొప్పికి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లకి స్తంభన కోసం వాడే సిల్డెనాఫిల్ మాత్ర ప్రాణాంతకం. మెడికల్ షాపులో అడిగి కొనుక్కుంటున్నారేమో తప్పకుండా కనుక్కోండి.

అడుగు 5: టెస్టులు, ఇంజెక్షన్, స్టాకు

సుఖవ్యాధి లక్షణాలతో వచ్చిన ప్రతి ఒక్కరికీ హెచ్‌ఐవీ, సిఫిలిస్ టెస్టులు చేస్తామని చెప్పండి, ఒప్పుకుంటేనే చెయ్యండి. హెచ్‌ఐవీ చట్టం 2017లో వచ్చి 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది: సమ్మతి లేకుండా టెస్టు చేయడం, ఫలితం బయటపెట్టడం, వివక్ష చూపడం, మూడూ చట్టవిరుద్ధమే. పీహెచ్‌సీలో స్క్రీనింగ్ టెస్టు రియాక్టివ్ వస్తే "నీకు హెచ్‌ఐవీ ఉంది" అనేయకండి, ఐసీటీసీలో (హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రంలో) నిర్ధారణ పరీక్షలు అయ్యాకే ఆ మాట. నెగటివ్ వచ్చినవాడికి ఈమధ్యే రిస్కు జరిగి ఉంటే మూడు నెలలకు మళ్లీ రమ్మని తారీఖు రాసివ్వండి. సిఫిలిస్ ర్యాపిడ్ టెస్టు ఒకసారి పాజిటివ్ వస్తే వైద్యం అయ్యాక కూడా చాలామందిలో జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది. అందుకే జబ్బు తగ్గిందా లేదా చూడటానికి ఆర్‌పీఆర్ అనే రక్తపరీక్షలో వచ్చే అంకె (టైటర్) కావాలి.

గర్భిణులకు ఈ రెండు టెస్టులూ మొదటి మూడు నెలల్లోనే, మొదటి విజిట్‌లోనే అయిపోవాలి. సిఫిలిస్ తేలితే బిడ్డను కాపాడేది బెంజథైన్ పెన్సిలిన్ మాత్రమే, దానికి ప్రత్యామ్నాయం లేదు. ఇక్కడే మనవాళ్లు వెనకడుగు వేస్తారు: "రియాక్షన్ వస్తే మన మీదికొస్తుంది, తిరుపతి రుయా ఆసుపత్రికి రాసేద్దాం." రాసేస్తారు, ఆమె వెళ్లదు, కూలి పోతుంది, బస్సు ఛార్జీ అవుతుంది, ఇంట్లో ఏం చెప్పాలో తెలియదు. 24 లక్షల యూనిట్ల ఇంజెక్షన్‌ని రెండు పిరుదులకూ సగం సగం ఇచ్చి, అడ్రినలిన్ ట్రే పక్కన పెట్టుకుని, అరగంట కూర్చోబెట్టి చూడటం పీహెచ్‌సీలో చేయగలిగిన పనే. గతంలో పెన్సిలిన్‌కి తీవ్రమైన రియాక్షన్ వచ్చినవాళ్లని మాత్రమే పెద్దాసుపత్రికి పంపండి. ట్రేలో అడ్రినలిన్ ఎక్స్‌పైరీ ఎప్పుడో ఇవాళే చూడండి.

స్టాకు విషయంలో ఒకటే సలహా: అయిపోయాక ఇండెంట్ పెట్టొద్దు. ఏ కిట్ ఎన్నికి తగ్గితే ఇండెంట్ పెట్టాలో బిన్ కార్డు (స్టాకు లెక్క రాసే కార్డు) మీద ఎర్ర పెన్నుతో రాసి పెట్టండి. నిరోధ్ డబ్బా కౌంటర్ మీద ఉంటే ఎవరూ తీసుకోరు, టాయిలెట్ దారిలో ఎవరి కంటా పడని మూల పెట్టి చూడండి ఎంత తొందరగా ఖాళీ అవుతుందో.

అడుగు 6: జంటలో రెండోవాళ్లు

భార్యకు మాత్రమే మందులిచ్చి పంపితే నెల తిరక్కుండా మళ్లీ అదే బాధతో వస్తుంది, "పీహెచ్‌సీ మందులు పనిచేయవు" అనే పేరు కూడా మనకే. బూడిద, పసుపు కిట్లు ఇచ్చినప్పుడు, పుండ్లు ఉన్నప్పుడు, ట్రైకొమోనాస్ (కలయిక ద్వారా అంటుకునే ఒక పరాన్నజీవి) తేలినప్పుడు జోడీకి కూడా వైద్యం చేయాలి. మామూలు ఫంగస్ దురదకైతే అవతలివాళ్లకి లక్షణాలుంటే తప్ప అక్కర్లేదు. ఇద్దరి వైద్యం పూర్తయి కనీసం ఏడు రోజులయ్యేదాకా కలవొద్దని, కుదరకపోతే నిరోధ్ తప్పనిసరి అని చెప్పాలి.

భర్తకు ఎలా చెప్పాలన్నది ఆమెకు పెద్ద గండం. "మీవల్లే వచ్చింది" అన్నా తంటానే, "నాకు వచ్చింది" అన్నా తంటానే. ఇలా చెప్పమనండి: "డాక్టరమ్మ ఇన్ఫెక్షన్ అని చెప్పింది, ఇద్దరూ వేసుకుంటేనే తగ్గుతుందంట, మిమ్మల్ని ఒకసారి రమ్మంది." చేతికి జబ్బు పేరు లేని చిన్న చీటీ ఇవ్వండి, నంబరు, తారీఖు, "ఈ చీటీతో నేరుగా డాక్టరు గదికి రండి" అన్న మాట ఉంటే చాలు. చెబితే కొడతాడని ఆమె అంటే బలవంతం చేయొద్దు, మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు గురించి చెప్పండి. భర్త చెన్నైలోనో బెంగళూరులోనో కువైట్‌లోనో ఉంటే అక్కడే చూపించుకోవడానికి వీలుగా లక్షణాలు, ఇవ్వాల్సిన మందులు కాగితం మీద రాసివ్వండి. అతను ఊరికి వచ్చే తేదీ మీ రిజిస్టరులో ఉండాలి.

అడుగు 7: చట్టం అడ్డొచ్చే కేసులు

అత్యాచారం జరిగి వచ్చినవాళ్లకి ఎఫ్‌ఐఆర్ లేదని వైద్యం ఆపే హక్కు ఏ ఆసుపత్రికీ లేదు, మొదటి చికిత్స ఉచితంగా ఇచ్చి పోలీసులకు తెలియజేయాలి. రెండు వేళ్ల పరీక్ష చేయకూడదని సుప్రీంకోర్టు 2022 అక్టోబర్‌లో మళ్లీ గట్టిగా చెప్పింది. గర్భం రాకుండా లెవొనార్జెస్ట్రల్ మాత్ర 72 గంటల్లోపు, ఎంత తొందరగా ఇస్తే అంత మంచిది. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు కూడా 72 గంటల్లోపే మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. పీహెచ్‌సీలో లేకపోతే అదే గంటలో ఏఆర్‌టీ కేంద్రానికి (హెచ్‌ఐవీ మందులిచ్చే కేంద్రానికి) ఫోన్ చేసి పంపాలి, "రేపు వెళ్లండి" అనకూడదు.

18 ఏళ్లలోపు పిల్లలైతే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం సమాచారం ఇవ్వడం తప్పనిసరి. మన పల్లెల్లో ఇంకా జరిగే బాల్యవివాహాల వల్ల పదిహేడేళ్ల గర్భిణి పుస్తె కట్టుకుని వచ్చినా చట్టం అదే. అలాంటప్పుడు అరిచి, భయపెట్టి పంపేస్తే ఆ పిల్ల ఎవరో మంత్రసాని దగ్గరికో మాత్రలు అమ్మేవాడి దగ్గరికో పోతుంది. అబార్షన్ కోరి వచ్చిన మైనరు, ఆమె సంరక్షకులు పేరు బయటపెట్టొద్దని కోరితే డాక్టరు ఇచ్చే సమాచారంలో గుర్తింపు వివరాలు రాయక్కర్లేదని 2022 సెప్టెంబర్ 29 నాటి సుప్రీంకోర్టు తీర్పు చెబుతోంది. అదే తీర్పు 20 నుంచి 24 వారాల మధ్య అబార్షన్ విషయంలో పెళ్లికాని ఆడవాళ్లనూ పెళ్లైనవాళ్లతో సమానంగా చూడాలంది. ఈ రెండు ముక్కలూ ప్రింటు తీసి డ్రాయర్‌లో పెట్టుకోండి, అవసరమైనప్పుడు వాదనలకు టైము ఉండదు.

అడుగు 8: రెఫర్ చేస్తే చేరేలా చెయ్యండి

"రుయాకి వెళ్లండి" అంటే రెఫరల్ కాదు. ఏ బ్లాకు, ఏ గది, ఏ రోజు, ఏ టైము, ఎవర్ని అడగాలి, ఇవన్నీ ఉంటేనే మనిషి చేరుతాడు. రుయాలోని సురక్ష క్లినిక్ (సుఖవ్యాధుల క్లినిక్), ఏఆర్‌టీ కేంద్రం, తిరుపతి మెటర్నిటీ ఆసుపత్రి, చిత్తూరు జిల్లా ఆసుపత్రిలో ఐసీటీసీ, వీటి కౌన్సిలర్ల నంబర్లు క్లినిక్ ఫోన్లో ఉండాలి. చీటీ మడిచి కవర్లో పెట్టి ఇవ్వండి. వారం తర్వాత చేరారా లేదా ఒక ఫోన్ చెయ్యండి, అదీ ఏ నంబరుకి చెయ్యొచ్చో ముందే పేషంటుని అడిగి. ఇంట్లో అందరూ ఎత్తే ఫోనుకి చేసి వివరాలు చెప్పారంటే అంతా రసాభాస. మాట్లాడటానికే మొహమాటపడేవాళ్లకి ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097 టోల్‌ఫ్రీ నంబరు చెప్పండి.

అడుగు 9: నెలకోసారి లెక్క చూసుకోండి

ఎన్‌క్వాస్ (ఆసుపత్రుల జాతీయ నాణ్యతా ప్రమాణాల) సర్టిఫికెట్‌కు 70 శాతం మార్కులు కావాలి, దానికి ఫైళ్లు తయారవుతాయి, మంచిదే. ఈ సేవలకు మాత్రం అయిదు అంకెలు గోడ మీద కాకుండా మీ నోట్‌బుక్‌లో ఉంటే చాలు: ఈ నెల లైంగిక ఆరోగ్య సమస్యతో ఎంతమంది వచ్చారు, అందులో మగవాళ్లు ఎందరు, ఎంతమంది జోడీకి వైద్యం అందింది, గర్భిణుల్లో మొదటి మూడు నెలల్లోనే సిఫిలిస్ టెస్టు అయినవాళ్లు ఎందరు, ఏ కిట్ ఎన్ని రోజులు లేదు. మగవాళ్ల అంకె రెండు నెలలు వరుసగా సున్నా దగ్గరే ఆడుతుంటే మీ ఊళ్లో జబ్బు లేదని సంబరపడకండి, మళ్లీ ఓపీ కౌంటర్ దగ్గర నిలబడి చూడండి.

పేషంట్ల అభిప్రాయం మీ సిబ్బందితో అడిగించొద్దు, అందరూ "బాగుంది మేడం" అంటారు. పక్క పీహెచ్‌సీ నర్సుని పిలిచి, వెళ్లిపోయేవాళ్లని "చెప్పాలనుకున్నదంతా చెప్పగలిగారా?" అని ఒక్క ప్రశ్న అడిగించండి. ఒకసారికి ఒకే మార్పు చేసి రెండు వారాలు చూడండి, పది మార్పులు ఒకేరోజు మొదలుపెడితే ఏది పనిచేసిందో తెలియదు, పైగా స్టాఫ్ విసిగిపోతారు.

చివరగా బదిలీల సంగతి. డాక్టరు మారగానే కర్టెన్ కూడా మాయమైపోయే క్లినిక్‌లు మనకు తెలుసు. రెఫరల్ నంబర్లు, ఇండెంట్ లెవెల్స్, వైద్యానికి రావాల్సిన జోడీల లిస్టు (పేర్లు లేకుండా నంబర్లతో), సాయంత్రం ఓపీ రోజు, కౌంటర్లో జబ్బు అడగకూడదన్న నియమం, ఇవన్నీ రెండు పేజీల్లో రాసి స్టాఫ్ నర్సు దగ్గర ఒక కాపీ ఉంచండి. కొత్త డాక్టరు చేరిన మొదటి వారంలోనే ఆమె దాన్ని వాళ్ల టేబుల్ మీద పెట్టాలి.